కుళ్లాయప్ప కొన్న మోటరు

మా మరిది కుళ్లాయప్ప బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక కత్తులు చేయడం మొదలుపెట్టాడు. అమ్మడానికి కాదు, సరదాకు. పాత లారీల కమాను పట్టీలు తెచ్చుకుని, ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకుని, కాల్చి, కొట్టి, ఆకురాయితో పొద్దుగూకేదాకా రుద్దుతాడు. ఎక్కడెక్కడి వాళ్లో కత్తులు చేస్తుంటే ఫోన్లో కన్నార్పకుండా చూస్తాడు. అతని భార్య కళావతి, నా తోడికోడలు, ఇంటికి ఎవరు వచ్చినా మా ఇంట్లో ఉల్లిగడ్డల కన్నా చాకులే ఎక్కువ అని నవ్వుతుంది. నాకూ ఒక కూరగాయల చాకు ఇచ్చాడు. వంకాయ మీద ఆనిస్తే చాలు, దిగిపోతుంది. బాగుందప్పా అన్నాను. ఎప్పుడూ ఏమీ ఇవ్వనివాడు ఇప్పుడెందుకు ఇస్తున్నాడని మాత్రం లోపల అనుకున్నాను.

నేను అలా అనుకోవడానికి కారణం చేని దగ్గర ఉంది. మా చేను గుట్ట అవతల, ఊరికి దూరం. అన్నదమ్ములిద్దరికీ చెరి సగం. బోరు మాత్రం ఒక్కటే, మధ్య గట్టు మీద. నా భర్త బతికున్నప్పుడే ఇద్దరూ చౌడమ్మ గుడి ముందర నిలబడి దినం విడిచి దినం నీళ్లు పెట్టుకోవాలని మాట అనుకున్నారు. పక్కనే స్టార్టరు పెట్టుకునే చిన్న మోటరు కొట్టం, దాని కరెంటు కనెక్షను మా ఆయన పేరు మీద ఉంది. ఆయన పోయాక కూడా ఒకటి రెండు పంటలు ఆ నీళ్లతోనే తీశాను. తర్వాత బోరు ఎండిపోయింది. లోపలి మోటరు కాలిపోతే పైకి లాగి అమ్మేశాము. ఎండిన బోర్లలో పిల్లలు పడిపోతారు, మూతలు పెట్టండి అని పంచాయతీవాళ్లు చాటింపు వేస్తే, కుళ్లాయప్పే మందపాటి ఇనుప రేకు తెచ్చి కేసింగు మీద పెట్టి చుట్టూ వెల్డింగు చేశాడు. అప్పటినుంచి నేను కూలికి పోతున్నాను. ఆ బీడు చూడలేక గుట్ట అవతలికి పోవడమే మానేశాను.

తర్వాత మంచి వానలు పడ్డాయి. చెరువు నిండి మరవ పారింది. మా చేనికి ఆనుకుని ఉన్న ఆంజనప్ప బోరు, మా బోరు లాగే ఎండిపోయినది, మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెట్టింది. అతను పట్టుపురుగుల కోసం మల్బరీ తోట పెట్టాడు. ఆ ఆంజనప్పే ఒక రోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని, నీ భాగం ఊరికే బీడు పడి ఉంది, నాకు గుత్తకు ఇవ్వు, అన్నాడు. ఒక ఏడాదికి కాదు, చాలా ఏండ్లకు. నీళ్లు లేని భూమికి ఎంత ఇస్తారో అంతే ఇస్తానన్నాడు. ఉగాది లోపల మాట చెప్పమన్నాడు.

ఆ సాయంత్రమే కుళ్లాయప్ప దగ్గరికి పోయి, ఆంజనప్ప బోరులో నీళ్లొచ్చాయంటే మన దాంట్లో కూడా వచ్చి ఉంటాయేమో అని అడిగాను. అతను ఆకురాయి ఆపలేదు, తల ఎత్తలేదు.

"మన బోరు సచ్చిపోయింది లే వదినా" అన్నాడు.

అంత తొందరగా చెప్పడమే నాకు నచ్చలేదు.

అదే వారంలో మా పక్కింటి యశోదమ్మ బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా ఒక మాట విసిరింది. "మీ మరిది మోటరు కోసం తిరుగుతాండాడంట గదక్కా. బెల్టులు, పుల్లీలు అడుగుతాండాడంట. నీకు చెప్పలేదా?"

చెప్పాడులే అన్నాను. చెప్పలేదు.

మా వైపు బోరులో నీళ్లు తక్కువగా ఉంటే లోపలికి మోటరు దించరు. దించితే కాలిపోతుంది. బయటే మోటరు పెట్టి, బెల్టు వేసి కంప్రెసరు తిప్పుతారు. ఆ గాలి లోపలికి పోయి నీళ్లను పైకి తోస్తుంది. మోటరు, బెల్టు, పుల్లీ అని ఎవరైనా అంటే మా ఊళ్లో పసిపిల్లకైనా గుర్తొచ్చేది అదే. ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాను. మూత వేసింది ఇతనే. బోరు చచ్చిపోయిందని చెబుతున్నదీ ఇతనే. నేను ఆంజనప్పకు గుత్తకు ఇచ్చేస్తే, ఆంజనప్పకు సొంత బోరు ఉంది కాబట్టి మా బోరు వంక చూడడు. అప్పుడు నా దినమూ తన దినమూ రెండూ కుళ్లాయప్పవే. ఇదంతా ఒక కూరగాయల చాకుతో కప్పెయ్యొచ్చని అనుకున్నాడేమో.

మరుసటి రోజు ఏ మోటరు కొంటున్నావప్పా అని అడిగితే, బెల్టు గ్రైండరు అన్నాడు. ఫోన్లో చూపించాడు. ఒక మోటరు, దాని మీద మూడు నాలుగు చక్రాలు, చక్రాల మీద గరుకు బెల్టు గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఇనుము ఆనిస్తే నిప్పురవ్వలు. ఆకురాయితో రుద్ది రుద్ది భుజం పట్టేసిందని, చేత్తో వారం పట్టే పని దీని మీద ఒక పూటలో అయిపోతుందని చెప్పాడు. మంచి మిషను కొనాలంటే తన పింఛను చాలదు, చవకది తీసుకుంటే పనికి రాదేమోనని భయం, అందుకే నాలుగు చోట్ల చూసి తీసుకుంటానన్నాడు. సరదాకు చేసే చాకుల కోసం ఇంత ఆలోచన చేసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. హిందూపురం పోతానంటే, మా చాముండేశ్వరిని చూసి చాలా రోజులైంది, నేనూ వస్తానన్నాను. చాముండేశ్వరి నా కూతురు, అక్కడ బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కుళ్లాయప్ప రమ్మన్నాడు. వద్దనలేదు. వద్దని ఉంటే నా అనుమానం అక్కడే తేలిపోయేది.

హిందూపురం బజారులో మిషన్ల అంగడి ప్రసాద్ అనే అతనిది. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. బల్ల మీద పెట్టుకునే చిన్న మిషను ఒకటి చూపించాడు. రెండు వేళ్ల వెడల్పు కూడా లేని బెల్టు. ఇంట్లో ప్లగ్గుకే పెట్టుకోవచ్చు. ధర కూడా కుళ్లాయప్ప అనుకున్న లోపలే ఉంది. ప్రసాద్ స్విచ్చి వేసి ఒక కట్టె ముక్క ఆనించాడు. పొట్టు లేచింది, కట్టె నున్నగా అయింది. చూశారా అన్నట్టు మా ఇద్దరి వైపూ తిరిగాడు.

నేను స్టూలు మీద కూర్చుని ఆ కట్టె ముక్క వైపే చూస్తున్నాను. కత్తిని కట్టెతో చేయరు కదా.

"కట్టె మీద కాదప్పా, ఇనుము మీద పెట్టి చూపీ" అన్నాను.

"చిన్న దుడ్లకొచ్చే మిషనమ్మా ఇది, మెల్లగా ఆనించాల" అని నవ్వాడు ప్రసాద్.

కుళ్లాయప్ప సంచిలోంచి సగం చేసిన కత్తి తీశాడు. మెల్లగా ఆనించినంతసేపు రవ్వలు వచ్చాయి. కొంచెం నొక్కేసరికి మోటరు మూలిగింది, బెల్టు నిలబడిపోయింది. కుళ్లాయప్ప నా వంక చూసి తల ఊపాడు. మనిషి నచ్చకపోయినా ఆ తల ఊపు మాత్రం నాకు నచ్చింది.

ఆ చిన్న బెల్టులు అరిగిపోతే మళ్లీ ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. బెంగళూరు నుంచి తెప్పించాలన్నాడు ప్రసాద్. అప్పుడు మూలనున్న పెద్ద మిషను చూపించాడు. మూడు వేళ్ల వెడల్పు బెల్టు, నా ఎత్తుకన్నా పొడవు. ఆ సైజు బెల్టులు ఎక్కడైనా దొరుకుతాయట, ఎంత నొక్కినా ఆగదట. దాని ధర విన్నాక కుళ్లాయప్ప చేతిలో టీ చల్లారిపోయింది. కాసేపు దాని చుట్టూ తిరిగి, చక్రాలు చేత్తో తిప్పి చూసి, వంగి మోటరు మీద రేకు చదివి, చివరకు నేను దేనికోసం కాచుకుని ఉన్నానో అదే అడిగాడు. ఉత్త మోటరు ఎక్కడ దొరుకుతుంది అని.

కొన్నది ఏమీ లేదు. అతను బస్టాండులో కూర్చుంటానంటే నేను చాముండేశ్వరి గదికి పోయి వచ్చాను. అంతా చెప్పాను. అది అన్నం పెడుతూ, సిన్నాయన్నే నేరుగా అడగొచ్చు కదమ్మా అంది. ఎట్ల అడిగేది? మాట అనుకున్నది చౌడమ్మ ముందర. మాట తప్పావా అని అడిగితే, లేదని అతను అదే గుడిలో తడి బట్టలతో నిలబడి ప్రమాణం చేయాలి. మా వాళ్లలో ఒకసారి ప్రమాణం దాకా పోతే, ఎవరిది నిజమైనా సరే, ఆ రెండు ఇండ్లూ మళ్లీ ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్లు కూడా తాగవు. నాకు అటు పుట్టింటివాళ్లూ లేరు. ఉన్నది ఆ ఒక్క ఇల్లే. చాముండేశ్వరికి ఇదంతా తెలుసు. అయినా అడగమంది, నేను ఒప్పుకోకపోతే ఇట్లా అంది.

"అట్లయితే కండ్లతో చూసేదాకా నోరు తెరవద్దు. చూడకుండా మాత్రం ఆంజనప్పకు మాటియ్యొద్దు."

ఆ తర్వాత పెనుకొండలో బసవరాజు దగ్గరికి పోయాము. కొండ కింద రోడ్డులో అతనికి వెల్డింగు షాపు ఉంది. గేట్లు, కిటికీలు చేస్తాడు. కుళ్లాయప్ప ఫోన్లో బొమ్మ చూపిస్తే, అతను సుద్దముక్కతో నేల మీద గీసుకుంటూ, ఫ్రేము నేను చేసిస్తా, చక్రాలు లేతులో తిప్పిస్తా, మోటరు మాత్రం నువ్వే తెచ్చుకో అన్నాడు. కొత్త మిషను ధరలో మూడో వంతు కూడా కాదన్నాడు. మోటరుకు ధర్మవరం పొమ్మన్నాడు. అక్కడ మరమగ్గాలు మూసేసినవాళ్లు మోటర్లు అమ్ముకుంటున్నారని, మగ్గం మోటరు ఎంతసేపు తిరిగినా అలవదని చెప్పాడు. కానీ అవన్నీ త్రీఫేజువి. ఇంట్లో ఉండేది సింగిల్ ఫేజు. కాబట్టి మధ్యలో ఒక డబ్బా పెట్టుకోవాలి, దాన్ని డ్రైవు అంటారు, అది ఉంటే ఇంటి కరెంటుతోనే త్రీఫేజు మోటరు తిరుగుతుంది, వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఆ డబ్బా మాత్రం మోటరు కన్నా ప్రియం.

కుళ్లాయప్ప గడ్డం గోక్కున్నాడు. తర్వాత నేను పక్కనే ఉన్నానన్న సంగతి మరిచిపోయినట్టు అన్నాడు.

"డబ్బా ఏమీ వద్దులే అప్పా. నాకు చేనికాడ త్రీఫేజు ఉండాది గదా."

బసవరాజు అది సేద్యం కరెంటు కదా, జాగ్రత్త అని ఏదో అంటున్నాడు. చేని దగ్గర కూర్చుని కత్తులు నూరుకుంటావా అని నవ్వుతున్నాడు. ఇంట్లో ఆ మోత పెడితే కళావతి తనను బయటికి తోస్తుందని కుళ్లాయప్ప కూడా నవ్వుతున్నాడు. నాకు ఆ నవ్వులు వినపడుతున్నాయి కానీ తలకెక్కడం లేదు. త్రీఫేజు, చేను, మోటరు. మూతపడిన బోరు పక్కన మోటరు కొట్టంలోకి మోటరు పోతున్నది. ఇంక దేనికని నేను అనుకోవాలి?

ధర్మవరానికి కూడా వెంటపడి పోయాను. మోకాళ్లు నొస్తాయి వదినా, నువ్వెందుకు అన్నాడు. చీరలు చూస్తానన్నాను. చీర కొనే ముఖమా నాది అని అతను అనుకుని ఉంటాడు.

మోటర్లు అమ్మే అతని పేరు హరికృష్ణ. ఒకప్పుడు మగ్గాలు ఆడిన పొడుగాటి రేకుల షెడ్డు. ఇప్పుడు గోడ వెంబడి మోటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. కొన్నింటికి కొత్త రంగు మెరుస్తోంది. రంగు కొత్తగా ఉన్నవాటి దగ్గరికి కుళ్లాయప్ప పోలేదు. మిగతావాటికి ముక్కు ఆనించి వాసన చూశాడు. కాలిపోయి మళ్లీ తీగ చుట్టినవైతే వార్నీషు వాసన వస్తుందట. దుమ్ము పట్టిన ఒక దాన్ని తీసుకుని ఇరుసు చేత్తో తిప్పాడు, చెవి పెట్టి బేరింగు చప్పుడు విన్నాడు, కరెంటు ఇప్పించి అరగంట సేపు తిరగనిచ్చి, ఒంటి మీద చెయ్యి పెట్టి వేడి చూశాడు. గొర్రెలు కొనేటప్పుడు మా నాయన పండ్లు చూసేవాడు, వెన్ను నొక్కేవాడు, అట్లా. ఇంత జాగ్రత్త చాకుల కోసమేనా?

అతను తీగలు విప్పే పనిలో ఉండగా నేను హరికృష్ణ పక్కకు జరిగి, ఈ మోటరుతో కంప్రెసరు తిరుగుతుందా అని మెల్లగా అడిగాను.

"చిన్నదైతే యాల తిరగదమ్మా? మొన్న ముదిగుబ్బోళ్లు బోరు కాడికే కొనకపోయినారు" అన్నాడు.

రైల్లో తిరిగి వచ్చేటప్పుడు మోటరు మా ఇద్దరి కాళ్ల మధ్య గోనెసంచిలో ఉంది. కుళ్లాయప్ప కిటికీలోంచి చూస్తూ, బెల్టులో ముతకవి ముందు, సన్నవి తర్వాత వాడాలని, కత్తి వేడెక్కితే పదును చచ్చిపోతుంది కాబట్టి మాటిమాటికీ నీళ్లలో ముంచాలని చెబుతూనే ఉన్నాడు. నీళ్లలో అన్న ప్రతిసారీ నేను అతని ముఖం చూశాను. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. అది కూడా నాకు మంచిగా తోచలేదు.

బసవరాజు ఫ్రేము చేసి ఇచ్చాక కుళ్లాయప్ప పగటిపూట ఇంట్లో ఉండడం తగ్గిపోయింది. మాకు సేద్యానికి త్రీఫేజు కరెంటు పగలు కొన్ని గంటలే ఇస్తారు. అది వచ్చే వేళకు సైకిలెక్కి గుట్ట దాటిపోతాడు, పోయే వేళకు ముఖం నిండా నల్లటి ధూళితో తిరిగొస్తాడు. గొర్రెలు తోలుకుని అటు పోయినవాళ్లు మోటరు మోత విన్నారు. విన్నవాళ్లు ఊళ్లో చెప్పారు. నాలుగు రోజుల్లో కుళ్లాయప్ప బోరు పోస్తోందని ఊరంతా పాకింది. ఎన్ని అంగుళాలు పోస్తోందో కూడా చెబుతున్నారు. యశోదమ్మ గోడ దగ్గరికి వచ్చి, నీ వంతు నీళ్లు ఎప్పుడు పెట్టుకుంటావక్కా అని అడిగింది. అడిగి నా ముఖమే చూసింది. ఆంజనప్ప కూడా మళ్లీ వచ్చాడు. ఈసారి గుత్త కొంచెం పెంచాడు. ఎందుకు పెంచాడు? నాకు ఇద్దరూ కలిసి ఆడుతున్నట్టు తోచింది. ఒక్కొక్కసారి ఊరంతా కలిసి ఆడుతున్నట్టు కూడా తోచింది.

ఉగాది దగ్గర పడింది. ఒక రోజు కూలికి పోకుండా, కరెంటు వచ్చే వేళ చూసుకుని, గుట్ట ఎక్కాను.

దిగుతుండగానే మోత వినిపించింది. మోటరు కొట్టం తలుపు మూసి ఉంది, లోపల ఏదో గిర్రుమంటోంది. నేను తలుపు దగ్గరికి పోలేదు. ముందు కాలువ దగ్గరికి పోయాను. నీళ్లు పారితే దాచలేరు, మట్టి చెబుతుంది. వంగి చెయ్యి పెట్టాను. వేడి దుమ్ము. పైపు నోటికి సాలీడు గూడు అల్లింది, దానికి ఒక్క పోగు తెగలేదు. గట్టెక్కి బోరు చూశాను. కుళ్లాయప్ప వేసిన వెల్డింగు తుప్పు పట్టి, చుట్టూ గడ్డి మొలిచి, పెట్టినది పెట్టినట్టే ఉంది. ఎవరూ తెరవలేదు.

అతను మాట తప్పలేదు. ఆ మాట అనుకోగానే నాకు ఊపిరి తేలికవుతుందనుకున్నాను. కాలేదు, ఆ గట్టు మీదే కూర్చుండిపోయాను. అతను దొంగ అయి ఉంటే నాకు నీళ్లు ఉండేవి. ఇన్ని రోజులూ నేను అతన్ని తిట్టుకుంటూ లోపల ఆ నీళ్లనే లెక్క పెట్టుకున్నానని, మల్బరీ తోట కూడా నాటేసుకున్నానని అప్పుడు తెలిసింది.

కాసేపటికి లేచి తలుపు తోశాను. ముక్కుకు తువాలు కట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, కుళ్లాయప్ప ఒక కత్తిని బెల్టు మీద ఆనించి నిలబడి ఉన్నాడు. రవ్వలు కింద ఇసుక బకెట్లో పడుతున్నాయి. నన్ను చూసి స్విచ్చి ఆపాడు. బెల్టు నెమ్మదిగా నిలబడింది.

"ఏంది వదినా, ఈడిదాకా వస్తివి?"

"నీళ్లు చూసేదానికి."

"యాడ నీళ్లు?"

"నువ్వు బోరు పోయిస్తాండావని ఊరంతా అంటాండారు. నేనూ అట్లే అనుకుంటి. ఆ మోటరు కంప్రెసరుకే తెచ్చినావనుకుంటి. అందుకే నీ వెంట హిందూపురం వస్తి, ధర్మవరం వస్తి."

తువాలు విప్పుకుని, తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చున్నాడు. కత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"అన్న పోయినాక నీ దినం నీళ్లు నేను ఒక్కసారన్నా తిప్పుకున్యానా?"

"లేదు."

"మరి?"

"బోరు సచ్చిపోయిందంటివే, చూసి చెప్పినావా, చూడకుండా చెప్పినావా?"

కత్తిని పక్కన పెట్టేశాడు. వానలు పడి, చెరువు మరవ పారి, పక్క చేనులో మల్బరీ పచ్చగా ఊగుతుంటే, దినమూ ఆ బోరు పక్కనుంచే నడిచి వచ్చి ఈ కొట్టంలో కత్తులు నూరుకున్నాడు. ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు.

"మా అన్నా నేనూ ఎన్ని బోర్లు వేసినాం వదినా. ప్రతిసారీ తొంగిచూసి, లేవన్నా అని చెప్పింది నేనే. అప్పుడు అన్న ముఖం నువ్వు చూడలేదు, నేను చూసినా. ఇంగ నాకు చూసేది చేతకాదు."

అతని గొంతు అట్లా వినడం నాకు అదే మొదలు. ఇంకొకరైతే ఊరుకునేవాళ్లేమో. నాకు ఉగాది ముందుంది.

"నాకు చేతనైతాది. నువ్వు మూత కొయ్యి" అన్నాను.

ఇనుము కోసే మిషను తెచ్చి వెల్డింగు చుట్టూ కోశాడు. మూత పక్కకు జరిపాక లోపలినుంచి చల్లటి గాలి ముఖానికి తగిలింది. అతను గులకరాయి తీసుకుంటే వద్దన్నాను. రాయి పడిన చప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా వినిపిస్తుంది. కొట్టం మూలలో పాత మోటరును వేలాడదీసిన నైలాను తాడు చుట్ట ఉంది. దాని కొసకు కమాను పట్టీ ముక్క ఒకటి కట్టించాను. అతను దించబోతే తాడు నేనే తీసుకున్నాను.

తాడు చాలాసేపు దిగింది. చేతులు మండాయి. చివరికి బరువు తేలికైంది, అడుగు తగిలింది. పైకి లాగుతుంటే కొస ముందుగా రాదు కదా, పైనున్న తాడంతా ముందు రావాలి. అది పొడిగా వస్తూనే ఉంది. కుళ్లాయప్ప తాడు చూడడం లేదు, గుట్ట వైపు తిరిగి నిలబడ్డాడు. నా చేతులకు చల్లగా తగిలినప్పుడు కూడా నేను నమ్మలేదు. చెమట అనుకుని చీరకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. తడి. ఆ తర్వాత వచ్చిన కొన్ని బారల తాడూ తడిసే వచ్చింది. ఇనుప ముక్కకు ఎర్రటి బురద అంటుకుని ఉంది.

"తిరిగి చూడప్పా" అన్నాను.

అతను తాడు ముట్టుకుని చూశాడు, వాసన చూశాడు, నోట్లో కూడా పెట్టుకున్నాడు. ఆంజనప్ప బోరంత కాదన్నాడు. లోపలికి మోటరు దించితే గుక్కెడు తాగి కాలిపోతుంది, కంప్రెసరు పెడితే దినానికి ఒక గంట రావచ్చు, డ్రిప్పు పైపులు వేసుకుంటే చెరి కొంచెం తడుస్తుంది, ఎండాకాలం నిలబడుతుందో లేదో చెప్పలేనన్నాడు. నమ్మకం లేని మాటలే అన్నీ. అయినా చెబుతున్నంతసేపు తడి తాడు వదల్లేదు.

ఆ సాయంత్రం ఆంజనప్పకు గుత్తకు ఇవ్వనని చెప్పించాను. కుళ్లాయప్పకు మాత్రం అక్కడే, కొట్టంలోనే చెప్పాను, ఆ మిషను ఇక్కడ ఒక్క దినం కూడా ఉండకూడదని. కనెక్షను మీ అన్న పేరు మీద ఉంది, సేద్యం కరెంటుతో కత్తులు నూరుతున్నావని ఎవరైనా చూసి రాసుకుపోతే లైను పీకేస్తారు, అప్పుడు బోరు నిండా నీళ్లున్నా నాకు కడుపు నిండదు అన్నాను. ఇంట్లో పెడితే డ్రైవు డబ్బా కొనాలి, కళావతితో మాటలు పడాలి అని గొణిగాడు. రెండూ పడ్డాడు. డబ్బా ప్రసాద్ దగ్గరే తెచ్చాడు. ఆ ప్రియమైన డబ్బా మొదటే కొని ఉంటే ఇద్దరికీ ఇంత తిరుగుడు ఉండేది కాదు. అయితే బెల్టు వేగం తగ్గించుకోవచ్చు కాబట్టి కత్తి వేడెక్కడం లేదని, ఆ మూలిగే మిషను కొనకపోవడం ఎంత మంచిదైందోనని ఇప్పుడు కళావతికి కూడా చెబుతున్నాడట. ఆమె మధ్యాహ్నం పడుకునే వేళ తప్ప ఎప్పుడైనా ఆడించుకోవచ్చని ఒప్పుకుంది.

బోరుకు మళ్లీ మూత పెట్టేటప్పుడు అతను వెల్డింగు మిషను తెచ్చాడు. నేను ఒప్పుకోలేదు. మడతబందు వేసి, రెండు కొండీలు పెట్టి, రెండు తాళాలు వేద్దామన్నాను. ఒకటి నీది, ఒకటి నాది. ఇద్దరం ఉంటేనే మూత లేవాలి. అతను ఇంటికి పోయి రెండు కొండీలు చేసుకొచ్చాడు. చేతికి గుచ్చుకోకుండా అంచులు బెల్టు మీద నున్నగా దించాడు. నా తాళం నేనే పెనుకొండ పోయి, అతనికి తెలియని అంగట్లో కొన్నాను.

గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని అతను తన తాళం వేశాడు, నేను నాది వేశాను. తర్వాత అతని తాళంచెవి అడిగి తీసుకుని నా తాళంలో పెట్టి తిప్పాను. తిరగలేదు. నా చెవి అతని తాళంలో పెట్టి తిప్పాను. అదీ తిరగలేదు.

"ఇంగ నమ్మినావా వదినా?" అన్నాడు.

అతని చెవిని నా తాళంలో ఇంకొకసారి పెట్టి, ఈసారి అటువైపు కూడా తిప్పి చూసి, అతని చేతికిచ్చాను.